ఉప్పు నేల నుంచి సిద్ధాంత గ్రంథం వరకు: దిగువ కృష్ణా డెల్టాలో పరిశోధన, శాస్త్రీయ రచన అభ్యాసం

సారాంశం

పరిశోధన ముగిసిన తరువాతనే రచన మొదలవుతుందన్న భావన డాక్టరేట్ విద్యార్థులలో విస్తృతంగా ఉంది. ఈ భావన వల్ల ప్రశ్న అస్పష్టంగా, ప్రయోగం లోపభూయిష్టంగా, తీర్మానం అతిశయంగా తయారవుతున్నాయి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలోని నేల లవణీయత సమస్యను ఉదాహరణగా తీసుకొని, ప్రశ్నను రూపొందించడం నుంచి ఫలితాన్ని రైతుకు చేర్చడం వరకు ప్రతి దశలోనూ రచన ఏ విధంగా పరిశోధనలో భాగమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. కొలిచిన దానికి మించి ఒక్క మాట కూడా రాయకుండా ఉండే నేర్పే శాస్త్రీయ రచనకు పునాది అని ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

ఉపోద్ఘాతం

వ్యవసాయ విశ్వవిద్యాలయాల స్నాతకోత్తర పాఠ్యప్రణాళికలో సాంకేతిక రచన, భావ ప్రసార నైపుణ్యాలు ఒక కోర్సుగా ఉన్నాయి. విద్యార్థులు దానిలో ఉత్తీర్ణులవుతున్నారు. అయినప్పటికీ మూడు సంవత్సరాల క్షేత్ర పరిశోధన పూర్తి చేసి సిద్ధాంత గ్రంథం రాయడానికి కూర్చున్నప్పుడు చాలామందికి కలం సాగదు. దీనికి భాషా పరిజ్ఞానం లేకపోవడమే కారణమని సాధారణంగా భావిస్తారు. నిజానికి అధ్యాయం ముందుకు సాగని చోట తరచూ కనిపించేది భాషాలోపం కాదు. మొదటి సంవత్సరంలో అడగవలసిన ప్రశ్న అడగకపోవడం, రెండవ సంవత్సరంలో నమోదు చేయవలసిన వివరం నమోదు చేయకపోవడం అసలు కారణాలు.

దిగువ కృష్ణా డెల్టా ఈ విషయాన్ని వివరించడానికి అనువైన క్షేత్రం. పులిగడ్డ వద్ద కృష్ణానది రెండుగా చీలి దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. మచిలీపట్నం చుట్టూ తీరప్రాంత ఉప్పు నేలలు ఉన్నాయి. గుడివాడ వైపు నీరు సులభంగా ఇంకని బరువైన నల్లరేగడి మాగాణులు, వాటి మధ్య మంచినీటి చేపల చెరువులు విస్తరించాయి. కాలువ నీరు చివరగా చేరే శివారు ఆయకట్టులో లవణీయత సమస్య అధికం. ఈ ప్రాంతంలో ఒక పరిశోధకుడు రాసే వాక్యం ఏ రకం విత్తాలో, జిప్సం వేయాలో వద్దో, పొలం పక్కన చెరువు తవ్వకాన్ని అనుమతించాలో వద్దో నిర్ణయించడానికి ఉపయోగపడవచ్చు. అందువల్ల ఆ వాక్యం ఎంత దృఢమైన ఆధారం మీద నిలబడిందన్నది పరీక్షాధికారులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

అంశం వేరు, ప్రశ్న వేరు

'వరి పొలాలపై రొయ్యల చెరువుల ప్రభావం' అన్నది ఒక అంశం మాత్రమే. దీనిని పరిశోధించడం సాధ్యం కాదు, ఎందుకంటే ఏ సమాధానం వస్తే ప్రభావం ఉన్నట్లో, ఏది వస్తే లేనట్లో ఇందులో చెప్పలేదు. 'ఉప్పునీటి రొయ్యల చెరువు గట్టు నుంచి దూరం పెరిగే కొద్దీ వరి మడి పైపొరలో లవణీయత తగ్గుతుందా, తగ్గితే ఎంత దూరం వరకు, ఏ నెలలలో?' అన్నది ప్రశ్న. దీనికి 'తగ్గదు' అన్న సమాధానం కూడా రావచ్చు. కాదన్న సమాధానానికి చోటు లేని వాక్యాన్ని పరిశోధన ప్రశ్నగా అంగీకరించరాదు.

ప్రశ్న రాసిన వెంటనే విద్యార్థి దాని కింద పోటీ కారణాల జాబితా రాయాలి. శివారు పొలంలో ఉప్పు పెరగడానికి చెరువు ఊట ఒక కారణం కావచ్చు. సముద్రపు పోటు సమయంలో మురుగు కాలువల ద్వారా ఎగదన్నే ఉప్పునీరు మరొక కారణం కావచ్చు. వేసవిలో పైకి లేచే ఉప్పటి భూగర్భ జలం, బోరు నీటి వాడకం, కాలువ నీటి కొరత కూడా కారణాలే. వీటిలో ఏ ఒక్కదానినీ కొలవకుండా చెరువును మాత్రమే కొలిస్తే, చెరువు తప్ప వేరే కారణం గ్రంథంలో కనిపించదు. అది పరిశోధన తేల్చిన విషయం కాదు, పరిశోధకుడు ముందే నిర్ణయించుకున్న విషయం.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. రైతులు మంచి దిగుబడినిచ్చే మాగాణిని సాధారణంగా చెరువుగా మార్చరు. పల్లంగా, చౌడుగా, వరి సరిగా పండని భూమినే ముందుగా చెరువుకు ఇస్తారు. అంటే చెరువు చుట్టుపక్కల భూమి చెరువు రాకముందే ఉప్పగా ఉండే అవకాశం ఉంది. ఈ రోజు చెరువు పక్కన మట్టి తీసి, దూరపు పొలం మట్టితో పోల్చి, తేడాను చెరువుకు ఆపాదించడం తర్కదోషం. చెరువు తవ్వకముందు తీసిన నేల పరీక్ష ఫలితాలను సేకరించడం గాని, చెరువులు లేకపోయినా అదే పల్లంలో, మురుగు కాలువకు అంతే దూరంలో ఉన్న పొలాలను పోలికకు ఎంచుకోవడం గాని అవసరం.

ఒక పదం, రెండు నేలలు

పరిశోధన గ్రంథం ఇంగ్లీషులో ఉన్నా పొలంలో సంభాషణ తెలుగులో జరుగుతుంది. రైతు 'చౌడు' అన్నప్పుడు విద్యార్థి దానిని వెంటనే ఏదో ఒక ఇంగ్లీషు పదంలోకి మార్చి రాసుకుంటాడు. అక్కడే మొదటి తప్పు దొర్లుతుంది. పాలచౌడు, కారుచౌడు రెండు వేర్వేరు సమస్యలు. పాలచౌడు నేలలో కరిగే లవణాలు ఎక్కువ. సంతృప్త పేస్టు నుంచి తీసిన సారంలో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసిసైమన్లను మించుతుంది, ఉదజని సూచిక 8.5కు లోపు, మార్పిడి సోడియం 15 శాతానికి లోపు ఉంటాయి. కారుచౌడులో మార్పిడి సోడియం 15 శాతాన్ని, ఉదజని సూచిక 8.5ను మించుతాయి.

ఈ తేడా పదకోశానికి పరిమితమైనది కాదు. పాలచౌడుకు మంచినీరు నిలగట్టి, లవణాలను కరిగించి మురుగు ద్వారా బయటకు పంపడం ప్రధాన చికిత్స. కారుచౌడుకు జిప్సం అవసరం. గ్రంథంలో ఒక దాని స్థానంలో మరొకటి రాస్తే, దాని ఆధారంగా వెలువడే సిఫారసుతో రైతు అవసరం లేని జిప్సం కొంటాడు, లేదా మురుగు పోని నేలలో ఉన్న నీటిని వృథా చేస్తాడు. కాబట్టి రైతు వాడిన మాటను యథాతథంగా తెలుగులో రాసుకొని, పక్కన కొలత విలువలు చేర్చి, వర్గీకరణను ఆ విలువల మీదనే ఆధారపరచాలి.

ప్రయోగ రూపకల్పన

క్షేత్ర ప్రయోగాలలో పునరావృతం, యాదృచ్ఛిక కేటాయింపు, స్థానిక నియంత్రణ అనే మూడు సూత్రాలను రొనాల్డ్ ఫిషర్ ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో పనిచేసిన కాలంలో రూపుదిద్ది, 1935లో ప్రయోగ రూపకల్పనపై వెలువరించిన గ్రంథంలో సమగ్రంగా వివరించారు. విద్యార్థులందరికీ ఈ సూత్రాలు కంఠస్థమే. వాటిని ఉప్పు నేలలో అమలు చేయడంలోనే కష్టం ఉంది.

మొదటిది, ఒకే ఎకరంలో ఉప్పు సమంగా ఉండదు. మురుగు కాలువ వైపు ఎక్కువగా, పంట కాలువ వైపు తక్కువగా ఉండవచ్చు. మడులు కట్టకముందే పొలమంతా గళ్ల పద్ధతిలో నమూనాలు తీసి లవణీయత పటం గీయాలి. ఒక్కొక్క బ్లాకులోని మడులన్నీ దాదాపు ఒకే స్థాయి ఉప్పులో ఉండేలా బ్లాకులను అమర్చాలి. ఈ పటం లేకుండా కాగితం మీద గీసిన లేఅవుట్‌ను పొలంలో పరిస్తే, రకాల మధ్య తేడా అనుకున్నది ఉప్పు తేడాగా తేలే ప్రమాదం ఉంది.

రెండవది, స్థలాన్ని, రకాన్ని కలగలపడం. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి చౌడును తట్టుకొనే వరి రకాలు ఎం.సి.ఎం. పేరుతో వచ్చాయి. ఒక ఎం.సి.ఎం. రకాన్ని మచిలీపట్నంలో, బి.పి.టి. 5204ను గుడివాడలో వేసి దిగుబడులను పోల్చితే, తేడా రకానిదా నేలదా అన్నది ఏ గణాంక పరీక్షా తేల్చలేదు. రెండు రకాలూ రెండు చోట్లా ఉండాలి.

మూడవది, అబద్ధపు పునరావృతం. ఒక చెరువు చుట్టూ 40 నమూనాలు తీసి, 40 పునరావృతాలు ఉన్నాయని రాయడం తరచుగా జరిగే పొరపాటు. చెరువు ప్రభావం గురించి మాట్లాడుతున్నప్పుడు లెక్కకు వచ్చేది చెరువుల సంఖ్య. 8 చెరువుల వద్ద 5 చొప్పున తీసినా నమూనాలు 40 మాత్రమే, శ్రమ కొంత ఎక్కువ. కాని మొదటి సందర్భంలో పునరావృతం ఒకటే, రెండవ దానిలో ఎనిమిది. స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ దోషానికి పేరు పెట్టి, అనేక ప్రచురిత క్షేత్ర అధ్యయనాలలో అది ఉన్నట్లు చూపారు. రచనా దశలో దీనిని సరిదిద్దడం అసాధ్యం. అందువల్లనే 'సామగ్రి, పద్ధతులు' అధ్యాయం తొలి ప్రతిని మొదటి నమూనా తీయకముందే రాయాలి. రాస్తున్నప్పుడు 'ఎన్ని చెరువులు?' అన్న ఖాళీ తనంతట తానే కనిపిస్తుంది.

కొలత ఏ పద్ధతిలో జరిగింది?

గ్రంథాలలో తరచూ 'నేల విద్యుత్ వాహకత 2.0' అని మాత్రమే కనిపిస్తుంది. నేల పరీక్ష ప్రయోగశాలలలో సులభంగా ఉండటం వల్ల ఒక వంతు మట్టికి రెండు వంతుల నీరు కలిపి కొలుస్తారు. పంటల తట్టుకొనే స్థాయిలను తెలిపే ప్రామాణిక పట్టికలు మాత్రం సంతృప్త పేస్టు సారం మీద ఆధారపడినవి. నీరు ఎక్కువగా కలిసిన ద్రావణంలో లవణాలు పలచబడతాయి కాబట్టి అదే మట్టికి సంతృప్త సారంలో విలువ రెండు రెట్లు లేదా అంతకంటే ఎక్కువగా ఉండవచ్చు. ఆ నిష్పత్తి నేల స్వభావాన్ని బట్టి మారుతుంది.

1977లో మాస్, హాఫ్‌మన్ ప్రచురించిన పట్టికల ప్రకారం వరికి పరిమితి 3.0 డెసిసైమన్లు. ఆపై ప్రతి యూనిట్‌కు దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది. విద్యార్థి తన 2.0ను ఈ 3.0తో నేరుగా పోల్చి 'వరికి సురక్షితం' అని రాశాడనుకుందాం. అదే మట్టి సంతృప్త సారంలో విలువ 5.0 అయితే, ఆ పట్టిక ప్రకారమే 24 శాతం నష్టం రావాలి. అంకె తప్పు కాదు, పరికరం తప్పు కాదు. పద్ధతి పేరు రాయకపోవడం వల్ల నిర్ధారణ తలకిందులైంది.

పద్ధతిని రాయడం ఎంత విలువైన పనో చెప్పడానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న కాలంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగు గాఢత ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచవ్యాప్తంగా జీవరసాయన ప్రయోగశాలలలో ఇద్దరి పేర్లతోనే వాడుకలో ఉంది. ఎన్నడూ చూడని మరొకరు చదివి, అదే పని చేసి, అదే ఫలితం పొందగలగడమే పద్ధతుల అధ్యాయానికి గీటురాయి.

క్షేత్ర పుస్తకం

జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఏ అధ్యాయాన్నీ రాయలేము. దిగువ డెల్టాలో ఒక మట్టి నమూనా వివరం పూర్తి కావాలంటే తేదీ, సమయం, లోతు, స్థానం, నమూనా తీసిన వ్యక్తి, గత వారం వర్షం, మడిలో నీరు ఉందా లేదా, పక్క మురుగు కాలువలో పోటు నీరు ఉందా లేదా అన్నవి నమోదు కావాలి. ఉప్పు వేసవిలో పైకి తేలుతుంది, వానలకు కిందికి దిగుతుంది. మే నెల విలువను, అక్టోబరు విలువను తేదీ లేకుండా ఒకే పట్టికలో ఉంచితే ఆ పట్టికకు అర్థం లేదు. వాహకత మీటరును 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో సరిచూసి, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.41 డెసిసైమన్లు చూపిందో లేదో ప్రతి రోజూ అదే పుటలో రాయాలి.

దిగుబడి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రైతు ఎకరానికి 30 బస్తాలు అంటాడు. బస్తా 75 కిలోలైతే అది 2,250 కిలోలు, హెక్టారుకు సుమారు 5,560 కిలోలు. కోసిన గింజలో తేమ 20 శాతం ఉంటే, 14 శాతం తేమ ప్రమాణానికి సవరించినప్పుడు సుమారు 5,170 కిలోలే. తేమ కొలవని విద్యార్థికి హెక్టారుకు దాదాపు 390 కిలోలు గాలిలో నుంచి వచ్చినట్లు లెక్క. రెండు రకాల మధ్య చూపదలచిన తేడా అంతకంటే తక్కువ కూడా కావచ్చు.

ఎలుకలు కొట్టిన మడిని, తుఫానుకు పడిపోయిన మడిని పుస్తకం నుంచి తొలగించరాదు. ఏమి జరిగిందో రాసి, విశ్లేషణలో ఆ విలువను ఎలా పరిగణించారో గ్రంథంలో చెప్పాలి.

రైతుల జ్ఞాపకాలకు కూడా క్షేత్ర పుస్తకంలో చోటుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొంది, సముద్రపు నీటితో పొలాలను ముంచింది. 'ఉప్పెన తరువాతే ఈ చేను చెడింది' అని ఒక వృద్ధ రైతు చెబితే, అది విలువైన సమాచారం. కాని అది కొలత కాదు. 'రైతు కథనం ప్రకారం' అని రాయడం ఆ మాటను తక్కువ చేయడం కాదు. ఆ మాటకు ఉన్న ఆధారం ఏమిటో పాఠకునికి చెప్పడం మాత్రమే.

పూర్వ పరిశోధనల సమీక్ష, నిజాయితీ

సమీక్ష అధ్యాయం అంటే ఒక్కొక్క పరిశోధకుని ఫలితాన్ని ఒక్కొక్క పేరాలో వరుసగా పేర్చడం కాదు. ఎవరెవరు ఏ నేలలో, ఏ పద్ధతిలో, ఏ కాలంలో కొలిచారో పట్టికగా రాసి చూస్తే, ఇంతవరకు కొలవని చోటు బయటపడుతుంది. ఆ ఖాళీ నుంచే కొత్త ప్రశ్న పుట్టాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాత సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్ భాండాగారంలో లభిస్తున్నాయి. స్థానిక నేలల గురించిన సమాచారం పెద్ద పత్రికలలో కంటే వాటిలోనే ఎక్కువగా దొరకవచ్చు. మరొకరి వ్యాసంలో ఉటంకించిన మాటను, మూల వ్యాసం చదవకుండా తిరిగి ఉటంకించడం వల్ల ఒకరి పొరపాటు పదిమందికి సంక్రమిస్తుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం గ్రంథంలో సారూప్యత 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 60 శాతం మించితే పరిశోధక విద్యార్థి నమోదే రద్దవుతుంది. అయితే సాఫ్ట్‌వేరు చూసేది పదాల పోలికను మాత్రమే. ఒకరి వాక్యంలోని పదాలను మార్చి సొంతమని చూపించినా, తీయని నమూనాకు విలువ సృష్టించినా అది పట్టుకోలేదు. వాటిని పట్టుకోగలిగేది క్షేత్ర పుస్తకం ఒక్కటే.

వాక్యం పరిమాణం

శాస్త్రీయ రచనలో అత్యంత కఠినమైన పాఠం వాక్యాన్ని ఆధారానికి సరిపడేంతకు కుదించడం. పైన చెప్పిన చెరువుల అధ్యయనం పూర్తయిందని, కల్పిత ఫలితాలతో, ఊహిద్దాం. 'రొయ్యల చెరువులు డెల్టా పొలాలను ఉప్పుమయం చేస్తున్నాయి' అన్నది మొదటి ప్రతిలోని వాక్యం. 'పరిశీలించిన 8 చెరువులలో 6 చెరువుల వద్ద, మే నెలలో, గట్టుకు దగ్గరి మడుల పైపొర లవణీయత దూరపు మడుల కంటే ఎక్కువగా ఉంది. అక్టోబరులో ఈ తేడా కనిపించలేదు. చెరువులకు ముందటి స్థితి తెలియనందున కారణాన్ని నిర్ధారించలేము' అన్నది దిద్దిన ప్రతి. రెండవది బలహీనంగా ఉందని విద్యార్థి భావించవచ్చు. కాని మొదటి వాక్యాన్ని ఒక్క ప్రశ్నతో కూల్చవచ్చు, రెండవ దానిని కూల్చడం కష్టం.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పునిచ్చినప్పుడు సుప్రీంకోర్టు జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నివేదికలను విస్తృతంగా ఆధారం చేసుకుంది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఇటువంటి వివాదాలలో ఒకవైపు వరి రైతు, మరొకవైపు అప్పు చేసి చెరువు తవ్విన రైతు ఉంటారు. ఆధారం లేని వాక్యం ఎవరి పక్షాన ఉన్నా, రెండవ వారికి అన్యాయం చేస్తుంది. అందుకే పొలాల యజమానుల అనుమతి తీసుకోవాలి, సర్వే నంబర్లను, పేర్లను గ్రంథంలో బయటపెట్టరాదు.

ఏ క్రమంలో రాయాలి?

అధ్యాయాలు ముద్రణలో కనిపించే వరుసలో రాయవలసిన అవసరం లేదు. పద్ధతులు ప్రయోగానికి ముందే రాయాలి. ప్రతి పంటకాలం ముగిసిన నెల లోపల పట్టికలు సిద్ధం చేసి, ఒక్కొక్క పట్టిక ఏమి చెబుతోందో రెండు మూడు వాక్యాలలో రాయాలి. ఫలితాల అధ్యాయానికి అవే బీజం. చర్చలో ఆ ఫలితాలకు కారణాలను, పూర్వ పరిశోధనలతో పొత్తును, విభేదాన్ని వివరించాలి. ఉపోద్ఘాతాన్ని ఆ తరువాత, సారాంశాన్ని అన్నిటికంటే చివర రాయాలి. గణాంక పరీక్షలో తేడా ప్రాముఖ్యం కలదని తేలినంత మాత్రాన చాలదు. అది ఎన్ని కిలోలు, సాగు ఖర్చుతో పోలిస్తే ఎంత అన్నదీ చెప్పాలి.

పర్యవేక్షకుని దిద్దుబాట్లను అంగీకరించి టైపు చేయడంతో విద్యార్థి నేర్చుకొనేది స్వల్పం. ప్రతి దిద్దుబాటు పక్కన దాని కారణాన్ని రాసుకుంటే, ఒకే రకం తప్పు ఎన్నిసార్లు దొర్లుతోందో తెలుస్తుంది. పర్యవేక్షకునికి కూడా ఒక బాధ్యత ఉంది. మూడు సంవత్సరాలు ఆగి రెండు వందల పుటలు ఒకేసారి దిద్దడం కంటే, ప్రతి పంటకాలానికి పది పుటలు దిద్దడం ఇద్దరికీ మేలు.

ముగింపు

గ్రంథం సమర్పించిన తరువాత మరొక రచన మిగిలి ఉంటుంది. నమూనాలు తీయనిచ్చిన ప్రతి రైతుకు తన పొలం విలువలు, వాటి అర్థం, చేయదగిన పని, ఇంకా తెలియని విషయం ఒక పుటలో తెలుగులో రాసి ఇవ్వాలి. మడి గట్టు మీద రైతు దానిని చదివి 'ఇది ఏ నెలలో తీసిన మట్టి? చెరువు రాకముందు ఎంత ఉండేది?' అని అడిగితే, విద్యార్థి దగ్గర సమాధానం ఉండాలి. లేకపోతే లేదని ఆ పుటలోనే రాసి ఉండాలి. పరీక్షాధికారి అడగబోయే ప్రశ్నలు కూడా అవే. ఈ ఒక్క పుటను తడుముకోకుండా రాయగలిగిన విద్యార్థికి సిద్ధాంత గ్రంథం రాయడం వచ్చినట్లే.